ఫోను కూడా పనిముట్టే: డెలివరీ కార్మికుల ఖర్చుల లెక్కలో దానికి పద్దు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

కొన్ని నెలలుగా ఆన్‌లైన్‌లో రెండు వాదోపవాదాలు జోరుగా సాగుతున్నాయి. ఒకటి స్మార్ట్‌ఫోన్ల రూపకల్పన గురించి. 2025 మే నెలలో 5.8 మిల్లీమీటర్ల మందంతో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్, సెప్టెంబరులో 5.6 మిల్లీమీటర్లతో ఐఫోన్ ఎయిర్ విడుదలయ్యాక, ఫోను ఎంత పలచగా ఉండాలి, ఆ పలచదనం కోసం బ్యాటరీని ఎంతవరకు కుదించవచ్చు, వెనక ఒక్క కెమెరా సరిపోతుందా అని జనం రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నారు. రెండోది యాప్ ఆధారిత సేవల కంపెనీల గురించి. అదే ఏడాది డిసెంబరు 25, 31 తేదీల్లో డెలివరీ కార్మికుల సంఘాలు దేశవ్యాప్త సమ్మెకు పిలుపునిచ్చినప్పుడు, పది నిమిషాల్లో సరుకు చేర్చే పద్ధతి ఉండాలా వద్దా, కార్మికుడికి గంటకు నిజంగా ఎంత మిగులుతోంది అన్న ప్రశ్నలు చట్టసభల దాకా వెళ్లాయి. మొదటి వాదంలో తలమునకలైన వారికి రెండోది పట్టదు, రెండోదానిలో ఉన్నవారికి మొదటిది కాలక్షేపంగా కనిపిస్తుంది. ఈ రెండూ కలిసేది మాత్రం ఒకే ఒక్క చోట, డెలివరీ కార్మికుడి బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోనులో. హైదరాబాదులో చిన్న మొబైల్ మరమ్మతు దుకాణం నడుపుతూ, ఆ ఫోన్లను రోజూ విప్పి చూసేవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

జొమాటో మాతృసంస్థ ఎటర్నల్‌కు అప్పటి అధిపతి దీపిందర్ గోయల్ 2026 జనవరి మొదట్లో సామాజిక మాధ్యమంలో కొన్ని లెక్కలు వెల్లడించారు. 2024లో గంటకు సగటున 92 రూపాయలున్న డెలివరీ కార్మికుడి ఆదాయం, టిప్పులు కాకుండానే, 2025లో 102 రూపాయలకు చేరిందని, రోజుకు పది గంటల చొప్పున నెలకు 26 రోజులు పనిచేస్తే సుమారు 26,500 రూపాయలు వస్తాయని, ఇంధనం, నిర్వహణ ఖర్చుల కింద 20 శాతం తీసేసినా దాదాపు 21,000 రూపాయలు చేతిలో మిగులుతాయని ఆ లెక్క సారాంశం. ఆ అంకెలను తప్పుపట్టిన వారు, సమర్థించిన వారు వేలల్లో ఉన్నారు. పెట్రోలు ధర, టైర్ల అరుగుదల, ఆర్డరు కోసం హోటలు బయట నిరీక్షించే సమయం, అన్నీ చర్చకొచ్చాయి. ఫోను ఊసు మాత్రం ఇరుపక్షాల్లోనూ ఎక్కడో తప్ప వినబడలేదు. అది లేకపోతే బండి ఉన్నా, పెట్రోలు ఉన్నా, ఓపిక ఉన్నా ఒక్క ఆర్డరు కూడా రాదు. పనికి అంత అవసరమైన వస్తువు, ఖర్చుల పట్టికలో విడి పద్దుగా కూడా లేకపోవడమే నా అభ్యంతరం.

ఆ పద్దు ఎంత ఉంటుందో నాకు తెలిసిన ధరలతోనే చెబుతాను. ఈ పనిలోకి వచ్చేవారు ఎక్కువగా కొనేది పన్నెండు నుంచి పదిహేను వేల రూపాయల ఫోను, అదీ చాలావరకు వాయిదాల మీద. 13,000 రూపాయల ఫోను ఇరవై నెలలు నడిచిందనుకుంటే నెలకు 650 రూపాయలు పడుతుంది. రోజుకు రెండు జీబీల డేటా ఉన్న రీచార్జి 28 రోజులకే అయిపోతుంది గనుక ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు వేయించాలి. దాన్ని నెలకు సర్దితే 375 రూపాయలకు తగ్గదు. ఏడాదిలో ఒకసారి డిస్‌ప్లే కాంబో (టచ్‌తో కలిసి వచ్చే తెర), ఒకసారి బ్యాటరీ, ఒకసారి మేము సీసీ బోర్డు అని పిలిచే చార్జింగ్ బోర్డు మార్చక తప్పదు. డూప్లికేట్ సామాను వేసినా వీటికి మూడు వేలు దాటుతుంది, అంటే నెలకు మరో 275. అంతా కలిపితే 1,300 రూపాయలు. గోయల్ గారు చెప్పిన గంటకు 102 రూపాయల లెక్కనే తీసుకుంటే, నెలలో దాదాపు పదమూడు గంటల పని కేవలం ఫోనును బతికించుకోవడానికి సరిపోతుందన్న మాట. పాత ఫోను వాయిదాలు తీరకముందే కొత్త ఫోను వాయిదాలు నెత్తిన పడ్డవారి లెక్క ఇందులో చేర్చలేదు.

దీనికి వెంటనే వచ్చే సమాధానం ఒకటుంది. ఈ కాలంలో ఫోను లేనివాడెవడు, కొడుకుతో మాట్లాడటానికో, సినిమా చూడటానికో ఎలాగూ కొనుక్కునేదే కదా, దాన్ని కంపెనీ ఖాతాలో ఎలా వేస్తారు అంటారు. ఈ ప్రశ్నను కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2014లోనే విచారించింది. ఇంటింటికీ ఆహారం అమ్మే ష్వాన్స్ హోమ్ సర్వీస్ అనే సంస్థ ఉద్యోగుల తరఫున వచ్చిన కోక్రన్ కేసులో, పని కోసం సొంత ఫోను వాడక తప్పనప్పుడు, ఉద్యోగికి అపరిమిత కాల్స్ ప్లాన్ ఉండి అదనంగా పైసా ఖర్చు కాకపోయినా, ఆ బిల్లులో న్యాయమైన వాటాను యజమాని చెల్లించాల్సిందేనని న్యాయస్థానం తేల్చింది. లేకపోతే యజమాని నడపాల్సిన వ్యాపారపు ఖర్చు ఉద్యోగి ఇంటి ఖర్చులో కలిసిపోతుందన్నది ఆ తీర్పులోని తర్కం. ఉద్యోగులకు వర్తించే ఆ సూత్రం యాప్ డ్రైవర్లకు చేరలేదు. అదే రాష్ట్రంలో 2020లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 22 వారిని స్వతంత్ర కాంట్రాక్టర్లుగా ఉంచేసింది, వాహనం ఖర్చు కింద మైలుకు 30 సెంట్లు మాత్రం ఇమ్మంది. కాలిఫోర్నియాలోనూ బండికి లెక్క కుదిరింది గానీ ఫోనుకు కుదరలేదు.

ఇక ఈ పని ఫోనును ఏం చేస్తుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త మోడళ్ల సమీక్షల్లో ఇది కనబడదు. లిథియం అయాన్ బ్యాటరీకి మొదటి శత్రువు వేడి. పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోవచ్చని ఆపిల్ సంస్థే తన వినియోగదారులకు చెబుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట నలభై డిగ్రీలు మామూలు, విజయవాడలోనో రామగుండంలోనో అంతకు మించుతుంది. ఆ ఎండలో తెర కనబడాలంటే వెలుగును పూర్తిగా పెంచాలి, జీపీఎస్ ఆపకూడదు, మొబైల్ డేటా ఆపకూడదు, మధ్యలో చార్జి అయిపోతుంది గనుక బండి నుంచో పవర్‌బ్యాంకు నుంచో చార్జి ఎక్కుతూనే ఉండాలి. బ్యాటరీని త్వరగా పాడుచేసేవన్నీ ఒకేసారి, రోజుకు పది గంటలు జరుగుతాయి. ఇంట్లో వాడే ఫోనుకు రోజుకు ఒక చార్జి సరిపోతే, ఈ ఫోనుకు ఒకటిన్నర పడుతుంది, అంటే మూడు వందల పనిరోజుల్లో 450 చార్జింగ్ చక్రాలు. ఐదు వందల చక్రాల తర్వాత సామర్థ్యం 80 శాతానికి దిగడం ఎన్నో ఏళ్లుగా ఫోన్ల పరిశ్రమ మామూలుగా ఎంచిన ప్రమాణం. అదీ చల్లటి గదిలో కొలిచినది. అందుకే మామూలు వాడకందారు మూడేళ్లకు చూసే ముసలితనం ఈ ఫోన్లలో ఏడాదిన్నరకే వచ్చేస్తోంది.

మా బల్ల మీదకు వచ్చిన డెలివరీ ఫోను ఇతర ఫోన్లలో కలిసిపోదు, చూడగానే తెలిసిపోతుంది. ఎండకు పసుపెక్కిన పౌచ్ తీస్తే, లోపల బ్యాటరీ ఉబ్బి వెనక పలక ఒక పక్క లేచి ఉంటుంది, దాన్ని రబ్బరుబ్యాండుతో బిగించి ఉంటారు. చార్జింగ్ రంధ్రంలో దుమ్ము, జేబులోని నూలుపోగులు, వాననీటికి పచ్చగా పట్టిన చిలుము. తెర అమోలెడ్ రకమైతే, రోజంతా కదలకుండా ఉండే యాప్ పట్టీ గీతలు నీడలాగా అచ్చుపడి, యాప్ మూసినా పోవు. ఆర్డరు ఒప్పుకోవడానికి వేలితో జరపాల్సిన మీట తెర కింది అంచున ఉంటుంది, టచ్ మొదట దెబ్బతినేదీ చాలాసార్లు ఆ కింది అంచే. తడిసిన వేలితో, తెర మీద వాన చినుకులు పడుతుండగా ఆ మీట జరపడం ఎంత కష్టమో వానాకాలంలో ప్రయత్నించిన వారికి తెలుసు, ఎందుకంటే ఇప్పటి తెరలకు నీటిచుక్కకూ వేలికీ తేడా సరిగా తెలియదు. ఫోను ఇచ్చేటప్పుడు వారు అడిగేది ఒకే మాట: "అన్నా, సాయంత్రం ఏడింటికి ముందే ఇచ్చెయ్యన్నా, మంచి ఆర్డర్లు అప్పుడే వస్తయి." ఆ సమయంలో ఒరిజినల్ విడిభాగం కోసం రెండు రోజులు ఆగుదామని చెప్పే ధైర్యం నాకుండదు. డూప్లికేట్ కాంబో వేసి పంపిస్తాను. దాని వెలుగు తక్కువ, బ్యాటరీ తాగడం ఎక్కువ, మూడు నెలల్లో మళ్లీ నా దగ్గరికే వస్తుంది.

బండి ప్రకంపనల సంగతి కూడా ఉంది. శక్తిమంతమైన మోటారుసైకిల్ ఇంజన్ల అదురు వల్ల ఐఫోన్ కెమెరాలోని స్థిరీకరణ యంత్రాంగం దెబ్బతినవచ్చునని, అలాంటి బండికి ఫోనును నేరుగా బిగించవద్దని, చిన్న ఇంజను స్కూటర్లకైనా అదురును తగ్గించే అమరిక వాడమని ఆపిల్ 2021 సెప్టెంబరులో బహిరంగంగా సూచించింది. లక్ష రూపాయల ఫోను తయారు చేసేవారే ఇలా హెచ్చరిస్తే, ఆ అదురులోనే బతికే పదమూడు వేల ఫోనుకు అలాంటి సూచన ఇచ్చిన తయారీదారును నేను చూడలేదు. వాళ్ల ప్రకటనల్లో ఫోను పట్టుకున్నవారు కాఫీ తాగుతూనో, సముద్రతీరంలో ఫొటో తీసుకుంటూనో ఉంటారు.

విచిత్రమైన ఇబ్బంది ఇంకొకటుంది, ఇది ఫోను కంపెనీకీ యాప్ కంపెనీకీ మధ్య ఇరుక్కున్న వ్యవహారం. చార్జి ఆదా చేయడానికి చాలా కంపెనీల ఫోన్లు తెర వెనక నడిచే యాప్‌లను తమంతట తామే ఆపేస్తాయి. కార్మికుడి యాప్ అలా ఆగిపోతే అతను ఆన్‌లైన్‌లో లేనట్టు నమోదవుతుంది. లాగిన్ గంటలు తెగిపోతాయి, ఆ గంటల మీద ఆధారపడిన ఇన్సెంటివ్ పోతుంది. సహాయ విభాగాన్ని అడిగితే ఫోను సెట్టింగుల్లో బ్యాటరీ సేవర్ తీసేయమంటారు, తీసేస్తే మధ్యాహ్నానికే చార్జి అడుగంటుతుంది. ముందు కెమెరా అద్దం పగిలితే, మధ్యమధ్యలో అడిగే సెల్ఫీ తనిఖీలో ముఖం పోలడం లేదని ఐడీ (యాప్‌లో కార్మికుడి ఖాతా) నిలిపివేసిన సందర్భాలు నా దుకాణానికి వచ్చిన వారి నోటనే విన్నాను. యాప్‌ను కొత్త వెర్షనుకు మార్చినప్పుడు పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో అది నత్తనడక నడుస్తుంది లేదా అసలే తెరుచుకోదు. అంటే, ఏ ఫోను ఉండాలో పరోక్షంగా నిర్ణయించేది యాప్ కంపెనీ, దాన్ని కొనే భారం మాత్రం కార్మికుడిది.

ఫోన్ల రూపకల్పన మీద జరిగే వాదాలు పనికిమాలినవని నేను అనడం లేదు. 2016లో ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేసినప్పుడు, 2020లో ఐఫోన్ 12 పెట్టెలోంచి చార్జరు తీసేసినప్పుడు జనం గొడవ చేశారు. మొదట గేలి చేసిన కంపెనీలే తర్వాత అదే దారి పట్టాయి. ఆ గొడవ వినియోగదారుడి అభిరుచి చుట్టూనే తిరిగింది. తీగ ఇయర్‌ఫోన్ రోజు కూలీకి బ్లూటూత్ కంటే ఎందుకు మేలో, అది చార్జి అడగదని, వంద రూపాయలకు దొరుకుతుందని, వానలో జారిపోయినా బెంగ లేదని చెప్పిన వారు తక్కువ. బ్యాటరీ విషయంలో మార్కెట్టు కొంత స్పందించిందని ఒప్పుకోవాలి. మధ్యస్థ ధరల్లోనే ఆరు వేలు, ఏడు వేల ఎంఏహెచ్ బ్యాటరీలున్న ఫోన్లు ఇప్పుడు వస్తున్నాయి, డెలివరీ కార్మికులు ఏరికోరి కొంటున్నవీ అవే. కానీ బ్యాటరీ ఎంత పెద్దదైనా, దాన్ని జిగురుతో అతికించి, హీట్‌గన్‌తో వేడిచేస్తే తప్ప ఊడకుండా మూసేస్తే, ఏడాదిన్నరకు అరిగిపోయినప్పుడు పెద్దదీ చిన్నదీ ఒకటే. ఐదు మిల్లీమీటర్ల ఫోను కొని దాని మీద మూడు మిల్లీమీటర్ల పౌచ్ తొడిగే మన అలవాటు చూస్తే, ఆ పలచదనం ఎవరి కోసమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

జిగురు వల్ల నీరు లోపలికి పోదు అన్నది కంపెనీల జవాబు, అందులో నిజం లేకపోలేదు. ఐరోపా సమాఖ్య ఈ వాదాన్ని తోసిపుచ్చకుండానే పరిష్కారం వెతికింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమలైన నిబంధనల ప్రకారం బ్యాటరీ 800 చార్జింగ్ చక్రాల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. వినియోగదారుడే బ్యాటరీ మార్చుకునే వీలు కల్పించాలి, లేదంటే వెయ్యి చక్రాల తర్వాత కూడా 80 శాతం నిలిచే బ్యాటరీ పెట్టి, నీరు, దుమ్ము చొరబడని ఫోను తయారు చేయాలి. మోడల్ అమ్మకం ఆగిన తర్వాత ఏడేళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి, కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ నవీకరణలు ఇవ్వాలి. మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఏ పరికరాన్ని ఎంత సులువుగా బాగుచేయవచ్చో మార్కుల రూపంలో చెప్పే సూచిక కోసం వేసిన కమిటీ 2025 మే నెలలో నివేదిక కూడా ఇచ్చింది. అయితే ఆ మార్కులు కంపెనీలే తమకు తాము వేసుకుని పెట్టె మీద ప్రకటించుకునే పద్ధతిని అది సూచించింది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టుంది. మార్కులు ఎవరు వేసినా, వాటిలో రోజుకు పది గంటలు, నలభై డిగ్రీల ఎండలో వాడే పరిస్థితిని ఒక కొలమానంగా పెట్టకపోతే, పదమూడు వేల ఫోను కొనేవాడికి ఆ సూచిక వల్ల ఒరిగేది కొంచెమే.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. 2020 ఏప్రిల్ 1న మొబైల్ ఫోన్ల జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరులో చాలా వస్తువుల మీద, చిన్న మోటారుసైకిళ్ల మీద కూడా పన్ను తగ్గించినప్పుడు ఫోన్ల జోలికి పోలేదు. వ్యాపార సంస్థ కొన్న ఫోను మీద కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకోగలదు. స్వతంత్ర వ్యాపారి అని మనం పిలుచుకుంటున్న డెలివరీ కార్మికుడికి జీఎస్టీ నమోదు ఉండదు గనుక ఆ వెసులుబాటూ లేదు.

యాప్‌ల వైపు వస్తే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్, అంటే వినియోగదారుణ్ని ఏమార్చే యాప్ రూపకల్పన ఎత్తుగడల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందరను సృష్టించడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం, అసలు ధరను చివరిదాకా దాచడం వంటి పదమూడు మాయలను అది నిషేధించింది. 2025 జనవరిలో ఐఫోన్ వాడేవారికి ఒక ధర, ఆండ్రాయిడ్ వాడేవారికి ఒక ధర చూపుతున్నారన్న ఫిర్యాదులపై అదే సంస్థ ఓలా, ఉబర్లకు నోటీసులిచ్చింది, ఆ ఆరోపణను రెండు కంపెనీలూ కాదన్నాయి. అదే ఏడాది మే నెలలో ప్రయాణానికి ముందే టిప్పు అడుగుతున్నారని ఉబర్‌కు మరో నోటీసు వెళ్లింది. కొనేవాడి చేతిలోని ఫోను ఏ రకమైనదన్న ప్రశ్న మీద ప్రభుత్వం ఇంత చురుకుగా కదిలింది, సంతోషం. అమ్మకాన్ని మోసుకెళ్లే వాడి ఫోనులో కూడా లేని తొందర ఉంటుంది. ఆర్డరు వచ్చినప్పుడు తిరిగే గడియారం పూర్తయ్యేలోపు, బండి నడుపుతున్నా సరే, దూరం, డబ్బు చూసుకుని మీట జరపాలి. జరపకపోతే తిరస్కరించినట్టే. వినియోగదారుడికి ఇచ్చిన సమయపు గడువు కార్మికుడి యాప్‌లో కనబడదని గోయల్ గారు చెప్పారు. అది నిజమేననుకుందాం, ఆర్డరు ఒప్పుకోవడానికి ఇచ్చే క్షణాల గడువు సంగతేమిటి? డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చినవి, కార్మికుడు ఆ చట్టం దృష్టిలో వినియోగదారుడు కాడు. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు యాప్‌లలో ఒకదానికి నియమం ఉంది, రెండోదానికి లేదు.

సొంత బండి, సొంత ఫోను ఉన్నవాడు కూలీ కాదు, చిరువ్యాపారి, మా భాగస్వామి అన్నది ఈ కంపెనీల పాత వాదన. స్పెయిన్ సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరులో గ్లోవో అనే డెలివరీ కంపెనీ కేసులో దీన్ని సూటిగా పరిశీలించింది. ఈ పనికి అసలు ఉత్పత్తి సాధనం కార్మికుడి మోటారుసైకిలూ ఫోనూ కాదని, కంపెనీ డిజిటల్ వేదికేనని, అది లేకుండా అతని ఫోనుతో ఈ పని చేయలేడని చెప్పి, అతన్ని ఉద్యోగిగా గుర్తించింది. ఆ తీర్పు సారం నాకు నచ్చుతుంది. కానీ మన దగ్గర జరుగుతున్నది దానికి సగమే. ఫోను అసలు సాధనం కాదన్న భాగాన్ని లెక్కలేసేటప్పుడు పాటిస్తున్నారు, కార్మికుడు ఉద్యోగి అన్న భాగాన్ని వదిలేస్తున్నారు.

పనిముట్టును ప్రభుత్వాలు గుర్తించిన సంప్రదాయం తెలుగు నేలకు కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదరణ పథకం కింద చేతివృత్తుల వారికి పనిముట్లు పంచారు, 2018లో నవ్యాంధ్రలో దాన్ని మళ్లీ తెచ్చారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాడిచెట్టు ఎక్కే భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికుల (యాప్‌ల ద్వారా పనిచేసేవారి) కోసం ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచి అభిప్రాయాలు కోరింది. కార్మికుల నమోదు, సంక్షేమ మండలి, కంపెనీల నుంచి సంక్షేమ రుసుము, యాప్ ఎలా నిర్ణయాలు తీసుకుంటుందో కార్మికుడికి తెలిపే బాధ్యత అందులో ఉన్నాయి. కేంద్రం తెచ్చిన సామాజిక భద్రతా స్మృతి (కోడ్) 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వరకు నిధికి జమచేయాలని, అది కార్మికులకు చెల్లించే మొత్తంలో ఐదు శాతం మించకూడదని అది చెబుతుంది. ప్రమాద బీమా, ఆరోగ్యం, వృద్ధాప్యం గురించి ఈ చట్టాలు ఆలోచించాయి. ఆసుపత్రి పాలైన రోజుల గురించి ఆలోచించినవారు, ఫోను పగిలి ఇంట్లో కూర్చున్న రోజుల గురించి కూడా ఆలోచించవచ్చు.

ఇక్కడ కంపెనీల వైపు నుంచి వచ్చే ఒక బలమైన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. 2025లో జొమాటోలో సగటు డెలివరీ కార్మికుడు ఏడాదిలో 38 రోజులే పనిచేశాడని గోయల్ గారు చెప్పారు. అలాంటప్పుడు ప్రతివారికీ ఫోను కొనివ్వడం, నెలనెలా భత్యం ఇవ్వడం అర్థం లేని పనే. నిధి ద్వారా ఇద్దామన్నా చిక్కు ఉంది, ఎందుకంటే సామాజిక భద్రతా స్మృతి కింద కేంద్రం 2025 డిసెంబరులో ప్రకటించిన ముసాయిదా నిబంధనలు ఒక కంపెనీలో కనీసం 90 రోజులు, పలు కంపెనీల్లో అయితే 120 రోజులు పనిచేసిన వారికే ప్రయోజనాలు వర్తింపజేశాయి. అందుకే నేను అడుగుతున్నది ఫోను పంపిణీ కాదు, భత్యమూ కాదు. కాలిఫోర్నియాలో మైలుకు ఇన్ని సెంట్లని వాహనానికి కట్టినట్టే, చేసిన ప్రతి ఆర్డరుకూ, లేదా ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి గంటకూ ఫోను అరుగుదల కింద కొంత కట్టి, దాన్ని దేనికి ఎంతిస్తారో చూపే రేట్ కార్డులో విడి పద్దుగా చూపాలి. 38 రోజులు చేసినవాడికి 38 రోజులది వస్తుంది, మూడు వందల రోజులు చేసినవాడికి ఆ మేరకు వస్తుంది. నేను పైన చూపిన 1,300 రూపాయలను గోయల్ గారి లెక్కలోని 260 గంటలకు పంచితే గంటకు ఐదు రూపాయలవుతుంది. అందులో సగం ఫోను సొంత వాడకానికి పోతుందని కంపెనీ బేరమాడినా రెండున్నర రూపాయలు. పది నిమిషాల్లో పాలప్యాకెట్టు పంపగలిగిన యంత్రాంగానికి ఈ మాత్రం కూడిక కష్టం కాకూడదు.

దానితోపాటు కార్మికుల యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షను దాకా, ఎంత ర్యామ్ ఉన్న ఫోనులో సాఫీగా నడుస్తుందో కంపెనీలు ముందుగా ప్రకటించాలి, పాత ఫోన్లకు మద్దతు ఆపేముందు కనీసం ఏడాది గడువివ్వాలి. ఫోను పాడైందన్న కారణంతో ఐడీ నిలిపివేసే పద్ధతి పోవాలి. చార్జి అయిపోయి ఆఫ్‌లైన్ అయిన సమయాన్ని తిరస్కరణగా లెక్కించకూడదు. డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలను కార్మికుల యాప్‌లకూ వర్తింపజేసే నిబంధన రాష్ట్ర చట్టంలోనే పెట్టవచ్చు, దానికి కేంద్రం కోసం ఎదురుచూడనక్కర లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా విజయవాడ, విశాఖ, గుంటూరు, తిరుపతి వీధుల్లో ఇదే పనిచేస్తున్న వారి కోసం ఈ చర్చ మొదలుపెట్టాలని నా మనవి. నిబంధనల మీద అభ్యంతరాలు, సూచనలు కోరినప్పుడు సంఘాల ప్రతినిధులతోపాటు మాలాంటి మరమ్మతు దుకాణదారులను కూడా పిలిస్తే, ఏ మోడల్ ఫోను ఈ పనిలో ఎన్ని నెలలు నిలుస్తోందో, ఏ విడిభాగం ముందు పోతోందో, దానికి ఎంత అవుతోందో మా బిల్లు పుస్తకాలు తెచ్చి చూపించగలం.

భవదీయుడు,
మొబైల్ మరమ్మతు దుకాణదారుడు,
హైదరాబాద్